టీవీలో కనబడని చెరువు

మీటింగు రోజున పంచాయతీ ఆఫీసులో ముందుగా పోయేది దేవకుమారి కుర్చీయే. ఎవరో పెద్దమనిషి వస్తారు, కుర్చీలు చాలవు, "అమ్మాయ్, కాస్త అలా" అంటారు. ఆవిడ లేచి గుమ్మం పక్కన నిలబడుతుంది. ఏడేళ్లుగా ఇదే వరస. ఇంటిపన్ను రసీదు నుంచి మరణ ధ్రువపత్రం దాకా ఊళ్లో ఆవిడ టైపు చేయని కాగితం లేదు. అయినా ముప్పై ఎనిమిదేళ్ల ఆ మనిషికి ఊళ్లో పేరు "కంప్యూటరమ్మాయి". ఉద్యోగం రోజుకూలీ మీద. ఏటా ఏప్రిల్‌లో ఆ పెద్దమనుషులే మళ్లీ కొనసాగించాలి. అందుకే నోరెత్తదు.

వాళ్లది మొగల్తూరు దాటాక కాలవ చిట్టచివరి ఊరు. ఆ రోజు పొద్దున్న గ్రామసభ పెట్టారు. విషయం ఒక్కటే. జగపతిరాజుగారు తన పన్నెండెకరాల చేలో రొయ్యల చెరువు తవ్వుకోవడానికి ఊరి ఒప్పుదల కావాలి. అక్కడ ఉప్పునీళ్లు నిలబెడితే పక్కనున్న తమ మంచినీళ్ల చెరువులోకి ఊట దిగుతుందని ఊరి అంచునున్న దళితపేటవాళ్ల భయం. దేవకుమారి ఇల్లూ ఆ పేటలోనే. ఇంటిల్లిపాదీ తాగేదీ ఆ నీళ్లే.

కార్యదర్శి వెంకటేష్ ల్యాప్‌టాప్‌నీ గోడమీది టీవీనీ వైరుతో కలిపాడు. నీలం తెరమీద "నో సిగ్నల్" అన్న అక్షరాలు అటూ ఇటూ తేలుతున్నాయి. టీవీ వెనక తట్టాడు. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు. మార్పు లేదు.

"టీవీ దేనికండీ, చేను ఎక్కడుందో ఊరందరికీ తెలుసుగా. చేతులెత్తించెయ్యండి, ఎండెక్కిపోతోంది," అన్నారు రాజుగారు.

"పటం చూపించాకే అని నోటీసులో రాశామండి," అని వెంకటేష్ గుమ్మం వైపు తిరిగాడు. "కంప్యూటరమ్మాయ్, ఓసారి ఇలా రా."

దేవకుమారి వైరు రెండు కొసలూ పీకి చూసి, మళ్లీ గట్టిగా నొక్కింది. టీవీ వెనక వైరు రెండో కన్నంలో ఉంది. టీవీ మాత్రం మొదటిదాని కోసం ఎదురుచూస్తోంది. రిమోట్‌లో సోర్స్ మీట నొక్కి హెచ్‌డీఎంఐ రెండుకి మార్చింది. తెర వెలిగింది గానీ పటం లేదు, ఉత్త నేపథ్యం బొమ్మ. ల్యాప్‌టాప్‌లో విండోస్ మీటా, పి మీటా కలిపి నొక్కి "డూప్లికేట్" ఎంచుకుంది. పటం వచ్చేసింది.

"మా అమ్మాయి చెయ్యి పడితే చాలండి!" అన్నాడు వెంకటేష్, తనే బాగుచేసినట్టు.

ఆవిడ మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లింది.

పటంలో ఎర్రగీత గీసిన పన్నెండెకరాలు కుడి అంచుకి దగ్గరగా ఉన్నాయి. మిగతాదంతా పచ్చగా ఉంది. "చూశారుగా, అంతా చేలే," అన్నారు రాజుగారు. ఆయన అబద్ధమేం చెప్పలేదు. టీవీలో అలాగే ఉంది.

వెనక వరసలోంచి పేట పెద్ద ఎజ్రా లేచాడు. "మా చెరువేదండీ?"

"పటంలో ఉంటే కనబడదేంటి తాతా?" అన్నాడు వెంకటేష్.

"నిన్న కూడా రెండు బిందెలు తెచ్చుకున్నానండి అందులోంచి. తెల్లారేసరికి ఎక్కడికెళ్లిందంటారు?"

అందరూ నవ్వారు. "సరేలే, కూర్చో. చేతులెత్తండయ్యా," అన్నాడు వెంకటేష్.

సభకి ముందు పటం ప్రింటు తీసింది దేవకుమారే. అందులో చెరువు ఉంది. ల్యాప్‌టాప్ వైపు చూసింది. కుడి అంచున నీలం మరక ఉంది. టీవీలో లేదు. ల్యాప్‌టాప్ మూలనున్న గడియారం టీవీలో సగానికి తెగిపోయి ఉంది. టీవీ బొమ్మని కాస్త పెద్దది చేసి నాలుగు అంచులూ కోసేస్తోందని ఆవిడకి అర్థమైంది. ఏప్రిల్ కూడా గుర్తొచ్చింది. ముందు వరసలో ఒక్కొక్క చెయ్యీ లేస్తోంది.

"ఒక్క నిమిషమండీ," అంది.

ఏడేళ్లలో ఆ హాల్లో అడక్కుండా ఆవిడ అన్న మొదటి మాట అది. రిమోట్ తీసుకుని సెట్టింగుల్లోకి వెళ్లి, బొమ్మ సైజు దగ్గర "స్క్రీన్ ఫిట్" నొక్కింది. బొమ్మ అన్ని వైపులా కొద్దిగా లోపలికి జరిగింది. కుడి పక్కన చెరువు తేలింది. దాని ఒడ్డున రెండు మూడు పేట ఇళ్లు. ఎర్రగీతకీ నీళ్లకీ మధ్య ఒక గట్టూ, ఒక చిన్న బోదె కాలవా. అంతే.

"ఏమ్మా, టీవీ బాగుచెయ్యడానికొచ్చావా, చెరువు తవ్వడానికొచ్చావా?" అన్నారు రాజుగారు.

"టీవీయే బాగుచేశానండి. చెరువు మా తాతలు తవ్విందండి."

ఈసారి వెనక వరసలు నవ్వాయి. రాజుగారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. కళ్లజోడు పెట్టుకుని టీవీ దగ్గరికెళ్లి ఆ గట్టుని చాలాసేపు చూశారు. "కొలిపించండి ముందు," అన్నారు. లేచిన చేతులు దిగాయి. పేటవాళ్ల ఎదుట కొలతలు తీసి, నీళ్లు పరీక్ష చేయించాకే మళ్లీ సభ అని వెంకటేష్ రాసుకున్నాడు.

చెరువు సంగతి ఇంకా తేలలేదు. దేవకుమారి ఉద్యోగం సంగతీ అంతే.

పేటల్ని ఊరి అంచున కట్టించింది మనమే. పటాల్లోనూ అవి అంచునే ఉంటాయి. టీవీ కోసేదీ అంచునే. అందుకని మీ ఊళ్లో గ్రామసభ నోటీసు కనబడితే, పనులున్నా సరే, వెళ్లండి. పటం చూపిస్తే ల్యాప్‌టాప్ తెరనీ టీవీ తెరనీ పక్కపక్కన పెట్టి చూపించమని గట్టిగా అడగండి. నాలుగు మూలలూ ఒకేలా లేకపోతే, సరిచెయ్యడం తెలిసినవాళ్లని పేరుపెట్టి పిలవండి. అంతవరకూ మీ చెయ్యి ఎత్తకండి.