నాలుగు నెలల మైల

మనిషి తన ఒంటికి తానే దూరంగా ఎలా ఉండగలడు? నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పంతొమ్మిది వందల అరవై రెండులో ఇందుకూరుపేట పద్మనాభయ్య మాత్రం ఉండి చూపించాడు. కండువాతో మూడుసార్లు దులిపితేగాని అరుగు మీద కూర్చోడు, ఏడు తరాల పేర్లు చెబితేగాని సంబంధం మాట్లాడడు. అలాంటివాడు కడుపులో పుండు పగిలి నెల్లూరు ఆసుపత్రిలో పడితే, సొంత తమ్ముళ్ల నెత్తురు గ్రూపు కలవలేదు. అక్కడి తోటమాలి క్రీస్తుదాసుది కలిసింది. ఎక్కించిన నెత్తురు నాలుగు నెలల్లో పోతుందని డాక్టరమ్మ అన్న మాట పట్టుకుని, ఇంటికొచ్చి పంచలో వేరుగా విస్తరి వేయించుకున్నాడు. దేవుడి గదిలోకి తనను తానే రానివ్వలేదు. పంచాంగంలో రోజులు కొట్టేసుకుంటూ చిక్కి సగమయ్యాడు.

"మీకు మీరే అంటయితే, నేనెవురితో కాపరం చేస్తుండా?" అన్నది భార్య చెంచులక్ష్మి.

నూట ఇరవై ఒకటో రోజున ఆసుపత్రికి పోయి నెత్తురు పరీక్ష చేయించుకున్నాడు. డాక్టరమ్మ గ్రూపు పేరు చెప్పింది.

"అది క్రీస్తుదాసుది గదమ్మా. ఇంకా పోలేదా?"

"అతనిది ఎప్పుడో పోయింది పద్మనాభయ్యగారూ. ఇది మీదే. పుట్టినప్పటినుంచీ ఇదే."

కిటికీ అవతల మొక్కలకు నీళ్లు పోస్తున్న క్రీస్తుదాసు తల ఎత్తి, "బాగుండారా అయ్యా?" అన్నాడు. పద్మనాభయ్య కండువా తీసి, తన చేతినే మూడుసార్లు దులుపుకుని వెళ్లిపోయాడు.