మూడోసారి అడగలేదు

ఉసుజావా కిసాబురో అంత మొహమాటస్తుణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మా మంచు కురిసే ఉత్తరాది వాళ్ళలో మొహమాటం లేనిదెవరికి? ఇంకాస్త అన్నం పెట్టనా అంటే మొదటిసారి వద్దంటాం, రెండోసారి కడుపు నిండిపోయిందంటాం, మూడోసారి అడిగితే గిన్నె ముందుకు జరుపుతాం. పెట్టేవాళ్ళకీ తెలుసు, తినేవాళ్ళకీ తెలుసు. కానీ ఆయనది ముదిరిపోయిన మొహమాటం. చివరికి అదే ఆయన్ని నిలువునా ముంచింది. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలి కన్నా ముందు కోపమే వస్తుంది.

మా కుజిమోరి విశ్వవిద్యాలయం ఆవరణలో ఐదు మ్యూజియాలున్నాయి. రాళ్ళూ ఖనిజాలదొకటి, ఎండబెట్టిన మొక్కలదొకటి, పాతకాలపు సేద్యం పనిముట్లదొకటి, విశ్వవిద్యాలయం చరిత్రదొకటి. చిట్టచివర, పశువైద్య విభాగం వెనకాల, జంతువులది. ఆ జంతువుల మ్యూజియం గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చోవడం నా ఉద్యోగం. ముద్రల కార్డు పట్టుకుని పిల్లలొస్తారు. ఐదు మ్యూజియాల్లోనూ ముద్ర వేయించుకుంటే ఒక ప్లాస్టిక్ ఫైలు బహుమానం. ఎనభై దాటిన ఉసుజావా కూడా ఆ కార్డు పట్టుకునే వచ్చేవాడు.

నెలకోసారి, కొండ మీది పల్లె నుంచి బస్సులో వచ్చి, ముందు రాళ్ళు చూసేవాడు. తర్వాత మొక్కలు. తర్వాత నాగళ్ళు, ఆ తర్వాత గోడలకు వేలాడే పాత అధ్యక్షుల ఫొటోలు. ప్రతిచోటా ఒంగి దణ్ణం పెట్టి, ముద్ర వేయించుకుని, మధ్యాహ్నం వాలాక నా దగ్గరికి చేరేవాడు. లోపలికి వెళ్ళి ఒక్కదాని ముందే నిలబడేవాడు. అది ఆడగుర్రం అస్థిపంజరం. ఇనుప కడ్డీల మీద నిలబెట్టి ఉంటుంది. మరో దాని వైపు కన్నెత్తి చూసేవాడు కాదు.

ఒకరోజు తొంగి చూద్దును కదా, తాడు దాటి అవతలికి వెళ్ళి దాని ముందుకాలు నిమురుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"బాబాయి గారూ! అక్కడ చెయ్యి పెట్టకూడదని రాసింది కనపడలా? ఈ వయసులో పిల్లచేష్టలేంటండీ!"

ఆయన దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా వెనక్కి వచ్చి, నడుం సగానికి వంచి నిలబడిపోయాడు.

"తప్పయిపోయిందమ్మా. తప్పే. ఇంకెప్పుడూ రాను."

"రావద్దని ఎవరన్నారు? ముట్టుకోవద్దన్నాను అంతే."

నేలను చూస్తూ అన్నాడు. "ఇది మా హానాకురి అమ్మా."

అప్పుడు తెలిసింది. హానాకురి వాళ్ళింట్లో పుట్టిన గుర్రం. మా కొండ పల్లెల్లో అప్పట్లో గుర్రాలూ మనుషులూ ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు. వంటింటి పొయ్యి వెచ్చదనం గుర్రానికీ తగిలేది. పిల్లగా ఉన్నప్పుడు అది మంచు మీద జారి కాలెముక చిట్లితే, చంపేద్దామని అందరూ అంటుంటే, ఉసుజావా చలికాలమంతా దాని పక్కనే పడుకుని కట్లు కట్టి బతికించాడట. ఆ కాలి మీద ఎముక అతుక్కున్నచోట ఇప్పటికీ చిన్న బొడిపె ఉంది. ఆయన నిమిరింది అదే. తర్వాత మంచిజాతి గుర్రాల పెంపకానికని విశ్వవిద్యాలయం వాళ్ళు అడిగితే, వాళ్ళ నాన్న ఇచ్చేశాడు. అది ఇక్కడే చచ్చిపోయింది. ఎముకలు పాఠాలకు పనికొచ్చాయి.

"మరి తిన్నగా ఇక్కడికే రావచ్చుగా? ఆ రాళ్ళూ రప్పలూ అన్నీ చూస్తూ కాళ్ళీడ్చుకుంటూ రావడం దేనికి?" అన్నాను.

"ఒక్క గుర్రం కోసమే వచ్చానంటే బాగుండదు కదమ్మా. మిగతా చోట్ల వాళ్ళంతా అంత కష్టపడి పెట్టుకున్నారు, చిన్నబుచ్చుకుంటారు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత చనువు పెరిగింది. టీ పోసిస్తే మూడోసారికి తాగేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. వాళ్ళ ఇంటి దారి మలుపులో గుర్రాలను కాపాడే గుర్రపుతల కన్నన్ దేవత రాయి ఒకటి ఉంది. ఆ ఇంట్లో తరతరాలుగా చచ్చిపోయిన గుర్రాలన్నిటినీ దాని వెనకాలే పూడ్చారు. ఒక్క హానాకురి తప్ప. ఆ రాయి మీద నీళ్ళు పోసేది ఇప్పుడు ఆయనొక్కడే. హానాకురి ఎముకలు తీసుకెళ్ళి మిగతావాటి పక్కన మట్టిలో పెట్టి, ఆ తర్వాత తాను పోవాలి. ఆ మనిషికి మిగిలిన కోరిక అదొక్కటే.

"అడగండి మరి," అన్నాను.

"అమ్మో. ఎలా అడుగుతాం తల్లీ. ఇచ్చేసిన దాన్ని."

పోయినేడు మా భవనం భూకంపానికి ఆగదని తేల్చారు. కొత్త భవనం అగ్గిపెట్టంత. పెద్దవి, పాతవి, ఎవరూ పాఠాలకు వాడనివి తీసేయాలన్నారు. తీసేసేవాటిలో మా గుర్రం కూడా ఉంది. ఈ పనంతా చూసేది మా ఆఫీసులో ఒనోదెరా అనే కుర్రాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. చెడ్డవాడని అనడానికి నాకు నోరు రాదు. వాడి దగ్గరికెళ్ళి సంగతంతా చెప్పాను.

"అది ఉసుజావా గారి గుర్రం. ఎలాగూ తీసేసేదే కదా, ఆయన్ని అడిగి ఇచ్చెయ్యి నాయనా."

"అయ్యో, తప్పకుండా అడుగుతాను పిన్నిగారూ. పాపం, ఆయన చేతుల్లో పెడితే నాకూ పుణ్యం," అన్నాడు.

ఆ ధీమాతోనే నేను మోకాలి ఆపరేషన్‌కి వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పటికి చెట్ల ఆకులు రాలిపోయి ఉన్నాయి. నేను బల్ల దగ్గర కూర్చున్న మొదటిరోజే ఉసుజావా వచ్చాడు. చేతిలో ముద్రల కార్డు లేదు. మిగతా మ్యూజియాలకు వెళ్ళకుండా తిన్నగా ఇక్కడికే వచ్చాడు. చంకలో భార్య పెళ్ళినాటి, మూట కట్టుకునే పెద్ద నీలం గుడ్డ, మడత పెట్టి ఉంది. ఆయన మొహం అంత వెలుగుతూ నేనెప్పుడూ చూడలేదు.

"అడిగారమ్మా!" అన్నాడు కూర్చోకుండానే. "ఆ ఒనోదెరా గారు మా ఇంటిదాకా వచ్చి మరీ అడిగారు. తాతగారూ, ఎముకలు మీకు ఇప్పిస్తాం అన్నారు."

"మీరేమన్నారు?"

"అంత శ్రమ మీకెందుకు బాబూ, వద్దులెండి అన్నాను. శ్రమేం లేదండీ అని మళ్ళీ అన్నారు. విశ్వవిద్యాలయం సొత్తు, మీకెలా మంచిదనిపిస్తే అలా కానివ్వండి అన్నాను. ఎంత మర్యాదస్తుడో. మళ్ళీ వస్తారని చూస్తున్నా. పాపం పనులెక్కువేమో. కన్నన్ రాయి వెనక గొయ్యి కూడా తవ్వేశాను, నేల గడ్డకట్టకముందే. తల ఒక్కటైనా ముందు నేనే బస్సులో పట్టుకెళ్దామని..." అని చంకలోని గుడ్డ చూపించాడు.

అప్పటిదాకా నేను లోపలి గదిలోకి తొంగి చూడనే లేదు. ఇప్పుడు చూస్తే గుర్రం లేదు. ఆయన్ని అక్కడే కూర్చోమని, చేతికర్ర పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను.

ఒనోదెరా నన్ను చూడగానే లేచి, కాలెలా ఉందని అడిగాడు. గుర్రం ఎక్కడన్నాను.

"ఆయన వద్దన్నారండీ. పోయినవారమే అన్నిటితోపాటు దహనం అయిపోయింది."

"వద్దన్నాడా! నువ్వే దేశంలో పుట్టావురా? రెండుసార్లు వద్దన్నవాణ్ణి మూడోసారి అడగాలని మీ అమ్మ నేర్పలేదా? మా ఇంటికొచ్చినప్పుడు నువ్వు మాత్రం మొదటిసారికే బజ్జీలు తిన్నావా?"

వాడి మొహం పాలిపోయింది. "అడుగుదామనే అనుకున్నానండీ. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ వెనక్కి తిరిగాను కూడా. కానీ... అంత పెద్దాయన. ఒక్కడే ఉంటున్నాడు. అన్ని ఎముకలు తెచ్చి నెత్తిన పడేస్తే ఏం చేసుకుంటాడు? నిజంగానే వద్దనుకుంటున్నాడేమో, నేను మరీ అడిగితే కాదనలేక ఒప్పుకుంటాడేమో అనిపించింది. బలవంతపెట్టినట్టవుతుందని ఊరుకున్నాను."

"బూడిదైనా ఇవ్వు."

"అన్నీ కలిపి కాల్చారు పిన్నిగారూ. పందులు, గొర్రెలు, కుక్కలు... అన్నిటి బూడిదా పశువుల సమాధిలో పోశారు. పూజారిని పిలిచి మంత్రాలు చదివించాం. అగరొత్తులు నేనే వెలిగించాను, దానికి విడిగా ఒకటి." చెబుతూ చెబుతూ వాడు ఏడ్చేశాడు.

ఎవణ్ణి తిట్టను? వాడు ఆయన మనసు నొప్పించకూడదనుకున్నాడు, ఆయన వాడికి శ్రమ ఇవ్వకూడదనుకున్నాడు. ఇద్దరు మంచివాళ్ళూ ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకుని ఆ గుర్రాన్ని మంటల్లో వేశారు. మా మర్యాదలు తగలబడ! ఆ రోజు నుంచీ ఎవరైనా మా ప్రాంతపు మర్యాదను మెచ్చుకుంటే నేను అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాను.

నేను చెప్పాను. చెప్పక తప్పుతుందా. ఒనోదెరా నా వెనకాలే వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు.

ఉసుజావా ముందు నమ్మలేదు. లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. ఇనుప కడ్డీలు కూడా పీకేశారు. నేల మీద నాలుగు బోల్టు గుంతలున్నాయి. వంగి వాటిని వేలితో తడిమాడు. తర్వాత బయటికి వచ్చి అడిగాడు.

"మంత్రాలు చదివించారా?"

"చదివించామండీ," అన్నాడు ఒనోదెరా.

"మంచిది. చాలా ఇబ్బంది పెట్టాను మిమ్మల్ని. క్షమించండి." అని, ఆ కుర్రాడి ముందు నడుం సగానికి వంచాడు. వాడు ఇంకా కిందికి వంగాడు. నాకైతే ఇద్దరి మెడలూ పట్టుకుని పైకి లేపాలనిపించింది.

బెంచీ మీద కూర్చోబెట్టాను. నీలం గుడ్డను మోకాళ్ళ మీద పరిచి, మళ్ళీ మడత పెట్టి, మళ్ళీ పరుస్తున్నాడు.

"మా నాన్న కూడా అడిగాడమ్మా," అన్నాడు ఉన్నట్టుండి. "దాన్ని పంపేసే ముందు నన్ను పిలిచి అడిగాడు. నీకు బాధ లేదు కదరా, ఉంచేద్దామా అని. మీ ఇష్టం నాన్నా అన్నాను. అంతకన్నా ఏమన్నా పెద్దవాళ్ళతో బాగుండదనుకున్నాను. తెల్లారి తాడు పట్టుకుని బండెక్కించింది కూడా నేనే. అది నా భుజం మీద మూతి పెట్టి వదల్లేదు."

"టీ తాగుతారా?"

"వద్దమ్మా."

"ఆ సమాధి దగ్గరికి తీసుకెళ్ళనా? దగ్గరే."

"వద్దులే తల్లీ. నీ కాలు బాగోలేదు."

నాలో ఏదో తెగిపోయింది. గట్టిగా అరిచాను, మ్యూజియం అని కూడా చూడకుండా. "ఎప్పుడూ వద్దు, వద్దు, వద్దేనా! చచ్చేలోగా ఒక్కసారి నోరు తెరిచి చెప్పండి బాబాయి గారూ, మీకు ఏం కావాలి?"

ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు. తర్వాత చిన్నపిల్లాడిలా, గది మారుమోగేలా అన్నాడు.

"నా గుర్రం కావాలి. నాకు నా హానాకురి కావాలమ్మా."

ఒనోదెరా గోడ వైపు తిరిగిపోయాడు. ఆ మనిషి జన్మలో మొదటిసారి కావాలని అడిగాడు. ఇవ్వడానికి మా దగ్గర చిటికెడు బూడిద కూడా లేదు.