సాలమ్మ పీకిన వైరు

సాలమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. యూనివర్సిటీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా టెక్నీషియన్. ఆమె బల్ల మీది స్క్రూడ్రైవరు అడక్కుండా ముట్టుకునే ధైర్యం ప్రొఫెసర్లకు కూడా లేదు. అలాంటి మనిషి శనివారం వచ్చిందంటే చాలు, లాలాపేట్ సర్కారు బడి ఆడపిల్లల కోసం తార్నాక చౌరస్తా దాకా ఎదురెళ్లి మరీ తీసుకొస్తుంది. తను చదివిన బడిలో సైన్సు గదికి ఎప్పుడూ తాళమే. కరెంటు కొలిచే మీటరు మొదటిసారి పట్టుకున్నది ఐటీఐలో. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

నేర్పే పద్ధతి కూడా ఆమెదే. పిల్లల ముందు పెట్టేవి నల్లగీత వెంట నడిచే చిన్న రోబో బండ్లు. పిల్లలు రాకముందే ఒక్కో బండిలో ఒక్కో వైరు ఊడబీకి పెడుతుంది. ఎక్కడ చెడిందో వాళ్లే వెతుక్కోవాలి. "నడిచే బండిని నడిపిచ్చుడు ఏం గొప్ప? చెడిపోయినదాన్ని నడిపియ్యుండ్రి, అప్పుడు నేనంట మిమ్ముల తెలివైనోళ్లని" అంటుంది.

ఒక శనివారం యూనివర్సిటీ కమిటీ చూడడానికి వచ్చింది. శనివారాలు ల్యాబు గదిని బడిపిల్లలకే ఉంచాలా, ఎంట్రన్స్ కోచింగుకు ఇచ్చేయాలా అన్నది ఇవాళే తేల్చేస్తారట. ల్యాబు ఇన్‌చార్జి ఆత్రేయ సారు పొద్దున్నే బతిమాలాడు.

"ఈ ఒక్కరోజు వైర్ల జోలికి పోవద్దు సాలమ్మా. అన్నీ నడవాలి."

సరేనంది, లోపల తిట్టుకుంటూనే.

అన్నీ నడిచాయి. కమిటీ పెద్దాయన చప్పట్లు కొట్టి వాచీ చూసుకున్నాడు. "బాగున్నాయమ్మా బొమ్మలు. బటన్ నొక్కితే నడుస్తున్నాయి. దీనికి యూనివర్సిటీ ల్యాబెందుకు చెప్పండి?"

బొమ్మలా! సాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎనిమిదో తరగతి జ్యోతిర్మయి ముందున్న బండి ఎత్తి, అందరికీ వీపు తిప్పి, ఒక వైరు ఫట్టున పీకేసింది. "ఇగ నడిపియ్యే బిడ్డా. సార్, మీరు గూడ సూడుండ్రి."

ఆత్రేయ సారు వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

జ్యోతిర్మయి మీటరు అందుకుంది. రెండు నిమిషాల్లో ఊడిన వైరు దొరికింది. బిగించి బటన్ నొక్కింది. బండి కదల్లేదు.

సాలమ్మ మెడ చాచి బండి వైపు చూసింది. తను పీకింది ఆ ఒక్కటే! కోపంలో గుంజిన గుంజుడుకు ఇంకేదో తెగి ఉంటుంది. ఏది తెగిందో ఆమెకూ తెలియదు. బండి వైపు పోబోయిన చేతుల్ని కొంగులో చుట్టి బిగపట్టుకుంది. తను ముట్టుకుంటే గది పోయినట్టే.

"మేడం, ఇంకొకటి గూడ తీసిన్రా?"

"ఎతుకు" అంది సాలమ్మ. తెలియదంటే పిల్ల బెదిరిపోతుందని భయం.

పది నిమిషాలైంది. టీలొచ్చి చల్లారిపోయాయి. "ఇంకా ఎంతసేపమ్మా?" అంటూ పెద్దాయన లేచాడు.

పిల్ల తలెత్తితే ఒట్టు. "జర ఆగుండ్రి సార్. సగం ఎతికిన. ఇందుల లేదంటే మిగిలిన సగంలనే ఉంటది."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు కూడా.

చివరికి మోటారు మీది టేపు విప్పింది. పైకి అంతా బాగానే ఉంది, కింద వైరును పట్టి ఉంచే సోల్డరింగ్ అతుకు విడిపోయింది. పెదవి కొరుక్కుంటూ పిల్లే కాల్చి అతికించింది. బండి గీత పట్టుకుని గబగబా నడిచింది.

"శనివారాలు ఈ పిల్లలవే, రాసుకోండి" అన్నాడు పెద్దాయన ఆత్రేయ సారుతో.

వరండాలోకి రాగానే జ్యోతిర్మయి మూతి ముడిచింది. "ఏంది మేడం, గంతమంది ముంగట రెండోది గంత కష్టంది పెడ్తరా?"

"అది నేను పెట్టలేదే బిడ్డా. ఏడ తెగిందో నాకు గూడ తెల్వది."

పిల్ల నిలబడిపోయింది. "అంటే... మీకు తెల్వనిది నాకు దొరికిందా?"

"దొరికింది" అంది సాలమ్మ. లోపలికి వెళ్లి, తన బల్ల మీది స్క్రూడ్రైవరు తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది.