కర్ణభేరికి అతుకు

ఇప్పటికీ జీడిపండు వాసన తగిలితే నా చెయ్యి దానంతటదే ఎడమ చెవి మీదికి పోతుంది. తియ్యగా, గొంతులో దురద పెట్టే ఆ వాసనంటే అందరికీ ముచ్చట. నాకు ఒళ్లు మంట.

మా జీడితోట ఉద్దానంలో, సముద్రపు హోరు వినిపించేంత దగ్గర. వేసవి మొదలైతే పిల్లలమంతా రాలిన పండ్లు ఏరి, పిక్కలు మెలితిప్పి తీసి, గౌన్ల మీద ఎంత ఉతికినా పోని మరకలు చేసుకుని, సైకిలు మీద వచ్చే ఐసు అతనికి గుప్పెడు పిక్కలిచ్చి పుల్లైసు కొనుక్కునేవాళ్లం. అందరూ చేసే దొంగతనమే అది. నాన్నకు మాత్రం నేనే దొరికాను. అరచేత్తో చెవి మీద కొట్టాడు. లోపల టప్పుమంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

రెండేళ్లు చెవి కారింది. వెల్లుల్లి వేయించిన నూనె పోశారు. బళ్లో వాసనని నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. చివరికి విశాఖపట్నంలో డాక్టరు కర్ణభేరికి చిల్లు పడిందని చెప్పి, "ఎవరైనా కొట్టారా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "సముద్రంలో తానమాడతంటే కెరటం కొట్టేసిందండీ" అంది. నాన్న గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. ఆ అబద్ధానికి అమ్మను ఇంకా క్షమించలేదు.

చెవి వెనక కోసి, అక్కడి పల్చటి పొర తీసి చిల్లుకు అతికించారు. తలకు నీళ్లు తగలకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు. నాన్న అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లందరికీ, "నానే దగ్గరుండి ఆపరేసన్ సేయించినాను. ఏ అయ్య సేత్తాడు సెప్పండి?" అని చెప్పుకునేవాడు. వాళ్లు నిజమేనంటూ తలలూపేవారు. నేను లేచి లోపలికి పోయేదాన్ని.

కొన్ని వారాలకు ఒక సాయంత్రం కొబ్బరి మట్టల గలగల ఎడమవైపు నుంచీ వినిపించింది. అమ్మకు చెప్పాలని పరిగెత్తబోయాను. అంతలో నాన్న వచ్చి, నా కుడిచెవి అరచేత్తో మూసి, "ఒలే అమ్మీ, ఇనబడతందేటి?" అన్నాడు. స్పష్టంగా వినిపించింది. నేను కదల్లేదు. విశాఖలో పరీక్ష చేస్తూ, కూత వినబడితే చెయ్యెత్తమన్నప్పుడూ వినిపిస్తున్నా ఎత్తలేదు. పొర చక్కగా అతుక్కుందని, వినికిడి ఎందుకు రాలేదో తెలియడం లేదని డాక్టరు చెబుతుంటే నాన్న ముఖం చూశాను. ఆ ముఖం చూడాలనే అలా చేశాను.

ఆ తోట తుఫానుకు పోయింది. ఐసు సైకిలూ రాదు. నాన్నకు డెబ్బై దాటాయి, మోకాళ్లు వంగవు. పోయిన నెల వెళ్లినప్పుడు మంచం మీద నా ఎడమ పక్కన కూర్చుని, "తిన్నావేటే?" అని గొణిగాడు. జవాబు రాకపోయేసరికి గుర్తొచ్చి, కర్ర పట్టుకుని లేచి, మంచం చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చి మళ్లీ అడిగాడు.

మొదటిసారే విన్నాను. తిరగనిచ్చాను.