సగం చదివిన పేజీ

యాభయ్యో దశకం చివర మంగళగిరి గ్రంథాలయం రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో పత్రికలు, వెనక గదిలో పుస్తకాలు. దానికి అధికారినీ నేనే, తలుపు తీసి ఊడ్చుకునేవాణ్ణీ నేనే. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. పొద్దున ఏడింటికి తెరిచి పదకొండింటికి మూసేవాణ్ణి. మళ్ళీ సాయంత్రం నాలుగింటికి తెరిచేవాణ్ణి. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నేతపనివాళ్ళు. మగ్గం మీంచి లేచి, కాళ్ళు సాగదీసుకుంటూ వచ్చి, పత్రిక చదువుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పుస్తకం అడిగితే నవలో పురాణమో అడిగేవాళ్ళు. చేసే పని కోసం పుస్తకం కావాలని అడిగిన మొదటి మనిషి ఆ రంగులాయన.

ఆయనకి నలభై దాటి ఉంటాయి. నేతవాళ్ళ నూలుకి రంగు అద్ది ఇవ్వడం ఆయన వృత్తి. మోచేతుల దాకా చర్మం ఎర్రబారి ఉండేది. ఎంత కడుక్కున్నా పోదట. అందుకని బల్లమీది కాగితాన్ని కూడా ముట్టుకోవడానికి జంకేవాడు. ఒకరోజు అందరూ వెళ్ళేదాకా గుమ్మం దగ్గర నిలబడి, తర్వాత లోపలికి వచ్చాడు.

"మాస్టారూ, రంగు నిలబడ్డం గురించి ఎవరన్నా ఏమన్నా రాశారాండి?" అని అడిగాడు.

సంగతి మెల్లగా చెప్పాడు. ఆయన అద్దిన ఎరుపు నీళ్ళు తగిలితే కారిపోతోంది. తెల్లచీర అంచుకి వేసిన ఎరుపు ఒక్క ఉతుక్కే చీరంతా పాకిందని నూలిచ్చే షావుకారు చీరలు తిప్పి పంపాడు. ఇక నూలు ఇవ్వనన్నాడు. తండ్రి కాలంలో కారని ఎరుపు వేసేవాళ్ళు. ఆ రంగులు ఇప్పుడు బజార్లో దొరకడం లేదు. కొత్తగా వచ్చిన మందులతో ఎలా అద్దాలో తెలిసినవాళ్ళు చెప్పరు.

"చెప్తే వాళ్ళ పని నేను లాక్కుంటానని భయం. వాళ్ళనేం అనలేం లెండి," అన్నాడు.

మా దగ్గర అలాంటి పుస్తకం లేదు. గుంటూరు పెద్ద గ్రంథాలయానికి వెళ్ళి వెతికితే నూలు అద్దకం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం కనపడింది. దానిమీద దుమ్ము చూస్తే ఏళ్ళ తరబడి ఎవరూ తీయలేదని తెలుస్తోంది. నా పేరు మీద రాయించుకుని తెచ్చాను. నేను చదివి తెలుగులో చెప్పడం, ఆయన విని గుర్తుపెట్టుకోవడం, అదీ మా ఏర్పాటు. ఆయనకి చదువు రాదు. కానీ ఒకసారి విన్న కొలత మళ్ళీ అడిగేవాడు కాదు.

నాలుగు రోజులు బాగా సాగింది. నాకూ ఉత్సాహంగా ఉండేది. ఒక మనిషికి పనికొచ్చే చదువు చెబుతున్నానన్న గర్వం కూడా కొంచెం ఉండేదని ఒప్పుకోవాలి. అయిదో రోజు గుంటూరులో మధ్యాహ్నం ఆటకి వెళ్దామని స్నేహితులు పిలిచారు. పదకొండింటి బస్సు అందుకోవాలి. ఆరోజు పేజీలో రంగు కరిగించే మందు తయారుచేసే పద్ధతి ఉంది. కాస్టిక్ సోడా ఇంత, నీళ్ళు ఇంత అని చెప్పాను. పేజీ తిప్పితే పైన లావు అక్షరాల్లో 'హెచ్చరిక' అని ఉంది. నా కంటికి కనపడింది. గడియారం వైపు చూసి పుస్తకం మూసేశాను.

"మిగిలింది రేపు చూద్దామండీ," అన్నాను.

"మంచిది మాస్టారూ. ఈలోపు ఇంతవరకూ చేసి చూస్తా."

నేను తలూపాను. ఆగమని చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఆ సినిమాలో ఏం చూశానో ఇప్పుడు ఒక్క ముక్క కూడా గుర్తులేదు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పత్రిక చదువుకోవడానికి వచ్చిన నేతపనివాడొకడు పక్కవాడితో చెబుతుంటే విన్నాను. "కాగే నీళ్ళలో ఆ సోడా పోశాడంటరా. కుతకుత పొంగి ఎగిరి మొహాన పడిందంట. గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు."

లేచి వెనక గదిలోకి వెళ్ళి పుస్తకం తీశాను. ఆరోజు చదవని పేరాలో ఉన్నవి నాలుగు మాటలే. చల్లటి నీళ్ళలోనే కలపాలి. కొద్దికొద్దిగా వేయాలి. మొహం దూరంగా పెట్టుకోవాలి. కంట్లో పడితే ఆ క్షణమే, ఆగకుండా, చాలాసేపు మంచినీళ్ళతో కడగాలి. ఆయన పుట్టినప్పట్నుంచీ చేసిన అద్దకమంతా మరిగే నీళ్ళతోనే. ఏ మందైనా వేడినీళ్ళలో వేయడమే ఆయనకి తెలిసిన పద్ధతి. ఇరుగుపొరుగు వాళ్ళు కంట్లో ఆముదం పోశారట. కుడికన్ను పోయింది.

ఆస్పత్రి దాకా వెళ్ళాను. వార్డు తలుపు దగ్గర నిలబడి, కట్టుకట్టిన ఆ మొహాన్ని దూరం నుంచి చూసి, లోపలికి వెళ్ళే ధైర్యం లేక తిరిగి వచ్చేశాను. ఆ పని గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వారం దాటాక, ఒక ఉదయం ఆయన భార్య గ్రంథాలయానికి వచ్చింది. ఆ రోజుల్లో మా గ్రంథాలయంలో ఆడవాళ్ళు అడుగుపెట్టేవాళ్ళు కాదు. పత్రికలు చదువుతున్న మగవాళ్ళు తలలెత్తి చూశారు. ఆమె కొంగు భుజం నిండా కప్పుకుని తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ పుస్తకంలో మిగిలింది చదివి చెప్పండి," అంది.

నేను కుర్చీలోంచి లేచాను. "ఆరోజు నేను సగంలో ఆపానమ్మా. జాగ్రత్తలు తర్వాతి పేజీలో ఉన్నాయి. నేను చదవలేదు. తప్పు నాదే," అన్నాను.

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఆ సంగతి తర్వాత చూసుకుందాం," అంది. "షావుకారు కాళ్ళావేళ్ళా పడి నాలుగు చిలపల నూలు తెచ్చుకున్నా. అది కారకుండా అద్ది చూపిస్తేనే మళ్ళీ పని ఇస్తాడంట. ముందు చదవండి. నాకు మూడో తరగతి దాకా వచ్చు, తెలుగులో రాసిచ్చినా చదూకుంటా."

ఆరోజు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ప్రతి పద్ధతికీ ముందు జాగ్రత్తలు చెప్పాను, తర్వాతే కొలతలు. పదకొండు దాటింది, పన్నెండు దాటింది. తలుపు మూయలేదు. సాయంత్రం ఆమె వెళ్ళాక ఒక చేతిపుస్తకంలో అదంతా తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు మాటలకి తెలుగు దొరకని చోట, ఆమె మళ్ళీ వచ్చినప్పుడు ఆమెనే అడిగేవాణ్ణి. "పిండటం కాదండి అది, జాడించటం" అని సరిదిద్దేది.

అద్దే రోజు నేను వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. చల్లటి నీళ్ళున్న బానలో ఆమె సోడా పలుకులు చెంచాతో వేస్తూ, ఒక్కోసారీ వెనక్కి జరిగేది. కడుక్కోవడానికి రెండు బిందెల మంచినీళ్ళు పక్కనే పెట్టుకున్నాను. చేయగలిగింది అంతే. మొదటి రెండు చిలపల నూలు చుట్టలకీ మచ్చలు పడ్డాయి. మూడోది నిలిచింది. దాన్ని తెల్లగుడ్డలో చుట్టి అయిదు రోజులు వరసగా ఉతికింది. గుడ్డ తెల్లగానే ఉంది. ఆ నూలూ గుడ్డా షావుకారు ముందు పడేసిందట. మర్నాడు ఇంటికి నూలు వచ్చింది.

రంగులాయన ఇంటికి వచ్చాక నేను వెళ్ళి కలిశాను. అరుగుమీద కూర్చుని ఉన్నాడు.

"మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను మాస్టారూ," అన్నాడు. "ఆసుపత్రిలో పడుకుని మిమ్మల్ని తిట్టని రోజు లేదు. కానీ అదేందోగానీ, ఆ రంగు నిలబడిందని మా ఆవిడొచ్చి చెప్పినప్పుడు, ముందు మీకు చెప్పాలనిపించింది."

తర్వాత ఆయన గ్రంథాలయంలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఆమె మాత్రం వచ్చేది. ఆయన బయట రోడ్డుమీద నిలబడి ఉండేవాడు. నేనూ బలవంతం చేయలేదు. మూడేళ్ళలో వాళ్ళ పెరట్లో పెంకుల షెడ్డు లేచింది, బానలు ఆరయ్యాయి. నలుగురు పనివాళ్ళు చేరారు. నేను రాసిచ్చిన చేతిపుస్తకం చూసి ఇంకో రెండు ఇళ్ళవాళ్ళు ఆ పద్ధతి పట్టుకున్నారు. చూపించొద్దని ఆమె అనలేదు. సత్తెనపల్లి నుంచి ఒక సాయిబుగారు బట్టల సబ్బు చేసే విధానం కోసం వచ్చారు. అందులోనూ కాస్టిక్ సోడానే. జాగ్రత్తలు మూడుసార్లు చదివి, ఆయన చేత తిరిగి చెప్పించుకున్నాకగానీ మిగిలింది చెప్పలేదు. ఆయనకి నా చాదస్తం వింతగా తోచి ఉంటుంది.

అరవయ్యో దశకం మధ్యలో నాకు చీరాల బదిలీ అయింది. వెళ్ళేరోజు బస్సు దగ్గరికి రంగులాయన వచ్చాడు. అడక్కుండానే నా పరుపుచుట్ట భుజాన వేసుకుని బస్సు పైకెక్కి, గట్టిగా తాడు బిగించి దిగాడు.

"చీరాలలో అద్దకం వాళ్ళు మనకంటే ఎక్కువమంది ఉంటారు," అన్నాడు. "అక్కడ ఆ అద్దకం పుస్తకం ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే తెప్పించండి."

అక్కడ లేదు. చేరిన వారంలోనే ఉత్తరం రాసి తెప్పించాను.