చివరి ఓవర్ల సగటు

నా చిన్నప్పుడు మేం మస్కట్‌లో, దార్సైట్‌లోని ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. శుక్రవారం సెలవు. ఆ రోజు మా ఇంటికి భోజనానికి ఒక మామ వచ్చేవాడు. అమ్మ పుట్టిన ఊరివాడు, జగిత్యాల వైపు. అందుకే నాకు మామ. నాన్న ఆఫీసు పని చేసే కంపెనీలోనే ఆయనది సైట్ మీద కూలి పని. సెలవు రోజు పొద్దున కంపెనీ క్రికెట్ జట్టుకు చివరి ఓవర్లు వేసేవాడు. మాట్లాడుతున్నా, తింటున్నా కుడి భుజం నొక్కుకుంటూ ఉండేవాడు.

ఆ జట్టులో చోటంటే ఆట ఒక్కటే కాదు. ఆటగాళ్లను కంపెనీ మస్కట్‌లోనే ఉంచేది. చోటు పోయినవాళ్లను దూరంగా ఉన్న సోహార్ సైట్‌కు పంపేది. అక్కడ ఎండలో బరువుల మోత పని.

ఒక ఏడాది మేనేజర్ జట్టును తగ్గించాలనుకున్నాడు. లీగ్ స్కోర్లు రాసేది నాన్నే కాబట్టి, ఓవర్‌కు లీగ్ సగటు కన్నా ఎక్కువ పరుగులు ఇస్తున్న మన బౌలర్లెవరో చెప్పమన్నాడు. నాన్న లెక్క వేశాడు. అందులో మామ పేరు వచ్చింది.

ఆ శుక్రవారం అన్నం దగ్గరే నాన్న ఆ సంగతి చెప్పాడు. మామ తినడం ఆపలేదు.

"ఎరుకే బావా, రూమ్‌ల అందరు అంటనే ఉన్నరు" అన్నాడు. భుజం నొక్కుకుంటూ, "అంటే నేను ఎన్నడు మంచిగ ఎయ్యలేదా?" అని అడిగాడు.

అమ్మ కూర వడ్డిస్తూ నాన్న వైపు చూసింది. "తమ్మునికి బాల్ ఇచ్చుడే అవతలోళ్లు దంచుడు వెట్టినంక. మొదట్ల ఏసెటోళ్లతోని ఎట్ల పోలుస్తరు?"

వారమంతా డ్యూటీ చేసి అలసిన నాన్న ఆ మధ్యాహ్నం పడుకోకుండా పాత స్కోరు షీట్లు కింద పరిచాడు. చివరి ఓవర్లలో ఎవరైనా పరుగులు ఎక్కువే ఇస్తారు. అందుకని లీగ్‌లోని బౌలర్లందరూ ఆ ఓవర్లలో ఇచ్చిన పరుగులనే విడిగా తీశాడు. నేను అంకెలు చదివి వినిపిస్తుంటే ఆయన రాసుకున్నాడు. మామ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు గానీ నిద్రపోలేదు.

సాయంత్రానికి లెక్క తేలింది. ఆ సగటుతో పోలిస్తే మామ ఏళ్ల తరబడి చాలామందికన్నా మేలుగా వేశాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. నాన్న మాత్రం ఆ ఏడాది ఆటలను మళ్లీ విడిగా చూశాడు. వాటిలో మామ ఆ సగటు కన్నా కూడా ఎక్కువ పరుగులే ఇచ్చాడు. అది చెప్పకుండా ఊరుకుంటే అడిగేవారు లేరు. నాన్న రెండూ చెప్పాడు.

"భుజం లేస్తలేదు బావా," అన్నాడు మామ. "రెండూ రాయి. పాతది ముందుగాల రాయి." ఆ మాటకు అమ్మ మొహం తిప్పుకుంది.

నాన్న రెండూ రాసి, భుజం సంగతి కూడా మేనేజర్‌కు చెప్పాడు. చోటు నిలవలేదు. మామను సోహార్‌కే పంపారు. కాకపోతే మోతకు కాక స్టోర్ పనికి పెట్టారు. అంతవరకే దక్కింది. కంపెనీ బస్సు ఎక్కేముందు మామ నాన్న చెయ్యి పట్టుకుని, "చేతగానోడు అనిపించుకొని పోతలేను బావా, గది చాలు" అన్నాడు. తర్వాత ఆయన మా ఇంటికి రావడం బాగా తగ్గిపోయింది.

నాకిప్పుడు యాభై దాటి చాలా ఏళ్లయింది. ఇక్కడ మస్కట్‌లోనే ఒక బడిలో టీచర్ల పనితీరు చూసి ఏటా అభిప్రాయం రాయడం నా ఉద్యోగం. బడి మొత్తం సగటుతో పోల్చి చూసి సంతకం చేసేద్దామనిపించేంత అలసట వచ్చే రోజులుంటాయి. ఆ రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను. ఆ టీచరమ్మకు ఎలాంటి తరగతిని, ఏ స్థితిలో అప్పగించారో ముందు కనుక్కుంటాను. అలాంటి తరగతులే దొరికిన మిగతా టీచర్లతో పోల్చి చూస్తాను. అప్పటికీ తక్కువే వస్తే, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అదీ నా నోటితోనే చెబుతాను.