విశాఖ బీచికి రాని డకోటా

మా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతిలో ఉండగా... ఒక పొద్దున్న నాన్న నౌపడ స్టేషను దగ్గర పేపరు కొనుక్కుని, సైకిలు మీద కేకలేసుకుంటూ ఇంటికొచ్చాడు.

"అప్పా! ఓ అప్పా! బియ్యం ఇమానం వస్తాదట... వైజాగు బీచికి!"

బీచిలో విమానాల విన్యాసాలు పెడుతున్నారని, అందులో పాత డకోటా కూడా ఎగురుతుందని పేపర్లో పడిందట. అప్ప అంటే వాళ్ళక్క. మా నీలమ్మత్త. పెరట్లో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. చేతిలో చేట అలాగే ఆగిపోయింది.

మావయ్య మిలట్రీలో ఉండేవాడు. చైనా సరిహద్దు కొండల్లో ఉండే జవాన్లకి రోడ్డు దారి లేక, డకోటా అనే రెండు పంఖాల విమానంలో బియ్యం బస్తాలు తీసుకెళ్ళి పైనుంచి జారవిడిచేవారట. ఆ బస్తాలు తోసే పని మావయ్యది. పెళ్ళయిన రెండో ఏడు... వెళ్ళిన విమానం తిరిగి రాలేదు. ఎంత వెతికినా విమానమూ దొరకలేదు, మనుషులూ దొరకలేదు. అత్త పుట్టింటికి వచ్చేసింది. మా పొలంలోనూ, ఉప్పు మడుల్లోనూ పని చేసేది. నన్ను పెంచింది ఆవిడే...

ఆవిడకి చదువు రాదు. ట్రంకు పెట్టెలో మావయ్య రాసిన ఉత్తరం ఒకటుండేది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన దగ్గర్నుంచి నాచేతే చదివించుకునేది.

"ఈ విమానానికి ఎడమ పక్క తలుపు తీసేస్తారు. నడుముకి తాడు కట్టుకుని ఆ గుమ్మంలో నిలబడి బస్తాలు కాలితో తోస్తాము. నీవు బెంగ పెట్టుకోవద్దు."

అక్కడికొచ్చేసరికి ఆపమనేది. "ఎంతుంటాదే అమ్మీ ఆ గుమ్మం? మన ఈది గుమ్మమంతుంటాదేటి?"

నాకేం తెలుసు...

అందుకే ఆ పొద్దున్న ఆవిడ నాన్నని అడిగిన మొదటి మాట, "ఎగిరితే ఆ గుమ్మం పక్క కనిపిస్తాదేట్రా?" అని.

నాన్న సుద్దముక్కతో గచ్చు మీద సముద్రం గీశాడు. "ఇదిగో, హార్బరు పక్కనుంచి బీమిలి ఏపు ఎల్తే ఎడం పక్క మన కల్లకెదురుగా ఉంటాది. అటునుంచి ఇటొస్తే కనిపించదు."

ఆ వారమంతా అత్త ముఖలింగేశ్వరుడికి మొక్కుకుంటూనే ఉంది... విమానం హార్బరు పక్కనుంచే రావాలని!

ఆ రోజు తెల్లారకుండానే పాసింజరు ఎక్కాం. చీపురుపల్లి దాకా నిలబడే ఉన్నాం. అక్కడ సీటు దొరికాక, పక్కనున్న ఆవిడ అత్తని అడిగింది, "వైజాగు ఏటి పని మీదమ్మా?"

"మా ఆయన పని సేసిన ఇమానం వస్తన్నాది. సూడ్డానికెల్తన్నాం."

మా ఆయన... అత్త నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. చెప్పి, సిగ్గుపడి కిటికీ వైపు తిరిగిపోయింది.

బీచిలో ఇసకేస్తే రాలనంత జనం. జెట్ విమానాలు చెవులు బద్దలయ్యేలా వెళ్ళిపోతున్నాయి... కనిపించాక చప్పుడొచ్చేది. జనం ఈలలు, చప్పట్లు. నేనూ గెంతులేస్తూ చప్పట్లు కొట్టాను. అత్త మాత్రం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని హార్బరు కేసే చూస్తోంది. ఏది వచ్చినా, "ఇదేనేట్రా?" "కాదప్పా..." మళ్ళీ కాసేపటికి, "ఇదేటి?" "ఇదీ కాదప్పా."

మైకులో ఇంగ్లీషులో ఏదో చెప్పారు. అర్థం కాక నాన్న ముందుకెళ్ళి, తాడు దగ్గర నిలబడ్డ పోలీసాయన్ని అడిగాడు. తిరిగొచ్చేటప్పుడు నాన్న నడకే మారిపోయింది.

"అప్పా... ఇంజిను బాగోనేదట. పొద్దున్న బయల్దేరకముందే సూసి ఆపేసినారట. ఇంక రాదు."

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"బయల్దేరకముందే సూసినారేటి?"

"అవునప్పా."

"ఎవలో మంచోలు... మంచి పని సేసినారు. ఎక్కనీకండా ఆపేసినారు."

ఇంకాసేపటికి, మాతో కాదు, ఎవరితోనో అన్నట్టు మెల్లిగా అంది... "ఆ రోజు ఎవలూ ఆపనేదు గదా."

అలాగే ఇసకలో కూలబడిపోయింది. నాన్న సముద్రం వైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మా నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పైనుంచి ఇంకో జెట్ వెళ్ళింది... చుట్టూ చప్పట్లు. నేను మాత్రం కొట్టలేదు. అత్త కొంగు పట్టుకుని కూర్చున్నాను.

ఆ తరవాత ఆవిడ ఆ ఉత్తరం చదవమని నన్నెప్పుడూ అడగలేదు.

కొన్నేళ్ళకి, పాత విమానాలు వస్తున్నాయని పేపర్లో మళ్ళీ పడింది. నాన్న ఆ పేపరు మడిచి దూలం మీద దాచేశాడు. మళ్ళీ ఆశపడి మళ్ళీ కూలబడితే చూడలేనన్నాడు. ఆ ఏడు అది నిజంగానే వచ్చి ఎగిరిందో, లేదో... మేం ఎవరినీ అడగలేదు. ఆ మరుసటేడే అత్త పోయింది. "సెప్పుంటే బాగుండేది, నేనే సెప్పనేదు" అని నాన్న ఆఖరి దాకా అంటూనే ఉన్నాడు.

ఇప్పుడు ఏ కాలం విమానమైనా ఫోన్లో నిమిషంలో దొరుకుతోంది. మా అమ్మాయి మొన్న ఓ డకోటా వీడియో పెట్టింది... నేను సగంలో ఆపేశాను. అత్త అన్నేళ్ళు చూడాలనుకున్నది, ఇంత తేలిగ్గా, మంచం మీద పడుకుని చూడటానికి నాకు మనసొప్పలేదు.

మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళ నుంచి అలా వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎందరున్నారో... మీ ఇంట్లో ఎవరైనా ఉంటే కింద రాయండి. కథంతా రాయక్కర్లేదు, పేరు రాసినా చాలు. అత్త ఎప్పుడూ మొగుడి పేరు నోటితో అనలేదు, మేమూ మావయ్య అనే అనుకున్నాం. అందుకని ముందు నేనే రాస్తున్నాను...

మా మావయ్య పేరు సిమ్మాచలం.